కొరత నాటి ఆర్డర్లే ఫ్యాబ్‌ను మూయించాయా?

అమెరికాలో అరిజోనా రాష్ట్రం టెంపీలోని ఫ్యాబ్-2ను, అంటే తన చిప్‌ల తయారీ ఫ్యాక్టరీల్లో ఒకదాన్ని, మూసేస్తున్నట్టు మైక్రోచిప్ టెక్నాలజీ అనే కంపెనీ 2024 డిసెంబరులో ప్రకటించింది. దాదాపు 500 మంది ఉద్యోగాలపై పడే నిర్ణయమిది. అంతకు రెండేళ్ల ముందు ఇదే కంపెనీ మైక్రోకంట్రోలర్ల కోసం కొనేవాళ్లు క్యూ కట్టారు.

వాషింగ్ మెషీన్‌లో, కారు అద్దాల మోటారులో, కరెంటు మీటర్‌లో పనిచేసే చిన్న చిప్‌లివి. జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ అనే కంపెనీ 1970ల మధ్యలో తన 16 బిట్ల ప్రాసెసర్‌కు తోడుగా పిక్ అనే చిప్ చేసింది. ఆ ప్రాసెసర్‌ను జనం మరిచిపోయారు, తోడుగా వచ్చిన పిక్ మాత్రం నిలబడింది. 1989లో ఆ విభాగమే విడిపోయి మైక్రోచిప్ అయింది. పంజాబ్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన స్టీవ్ సాంఘీ 1991లో సీఈవో అయ్యారు.

కొత్త ఫ్యాబ్‌లు కట్టడం కంటే ఇతరులవి కొనడమే ఆయన దారి. ఓరెగాన్‌లోని గ్రెషమ్ ఫ్యాబ్‌ను 2002లో ఫుజిత్సు నుంచి 18.35 కోట్ల డాలర్లకు కొన్నారు. 2016లో అట్మెల్ అనే చిప్ కంపెనీని కొన్నప్పుడు, ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్ల ఆర్డుయినో బోర్డుల్లో వాడే ఏవీఆర్ చిప్‌లతో పాటు కొలరాడో స్ప్రింగ్స్ ఫ్యాబ్ కూడా వచ్చింది. స్మార్ట్‌ఫోన్ ప్రాసెసర్ ఇలాంటి పాత టెక్నాలజీ ఫ్యాబ్‌లలో తయారవదు. కరెంటు మీటర్‌కు అంత కొత్త టెక్నాలజీ అక్కర్లేదు కూడా. కొనేవాళ్లు ఉన్నంతకాలం పాత చిప్‌నూ ఆపకపోవడం ఈ కంపెనీ పాలసీ.

2021లో ప్రపంచమంతటా చిప్‌ల కొరత ముదిరినప్పుడు ఎక్కువగా దొరకనివి ఈ పాత తరం చిప్‌లే. అప్పుడు మైక్రోచిప్ ఒక షరతు పెట్టింది: 12 నెలల ఆర్డర్ ఇవ్వాలి, రద్దు చేయకూడదు, వాయిదా వేయకూడదు. ఒప్పుకున్నవాళ్లకే ముందు సరుకు. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది సబబే. మిషన్లకు డబ్బు పెట్టాలంటే రేపటి ఆర్డర్‌పై భరోసా ఉండాలి కదా! కానీ రోగంలాగే మందు కూడా ముదిరింది. సరుకు దొరకదేమోనన్న టెన్షన్‌లో కొనేవాళ్లు అవసరానికి మించి రాయించుకున్నారు. ఆ ఆర్డర్ల పుస్తకం చూసి గిరాకీ అంతా నిజమే అనుకోవడం దగ్గరే లెక్క తప్పిందని నాకనిపిస్తుంది.

సరఫరా తేరుకునేసరికి గోడౌన్లు నిండాయి, కొత్త ఆర్డర్లు ఎండిపోయాయి. 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో 844 కోట్ల డాలర్లున్న అమ్మకాలు మరుసటి ఏడాది 763 కోట్లకు, ఆ తర్వాత 440 కోట్లకు పడిపోయాయి.

హైదరాబాద్ కోకాపేటలో 2023 జులైలో తెరిచిన ఆర్ అండ్ డీ కేంద్రం ఈ జోరు చివర్లోనే వచ్చింది. అక్కడ జరిగేది డిజైన్ పని, చిప్‌ల తయారీ కాదు.

గ్రెషమ్, కొలరాడో ఫ్యాబ్‌ల కోసం అమెరికా ప్రభుత్వం 2024 జనవరిలో 16.2 కోట్ల డాలర్ల సాయం ప్రతిపాదించింది. సరుకే పేరుకుపోయినప్పుడు విస్తరణ ఎందుకని, కంపెనీ ఆ ఏడాది చివర్లో ఆ ప్రయత్నాన్ని పక్కనపెట్టింది. అంతకుముందు సీఈవో పదవి వదిలిన సాంఘీ మళ్లీ సీఈవో కుర్చీలోకి వచ్చారు. టెంపీలో జరిగే పనిలో చాలా భాగం మిగతా రెండు ఫ్యాబ్‌లలోనూ జరిగేది కాబట్టి మూతకు దాన్నే ఎంచుకున్నారు. దీంతో ఏటా 9 కోట్ల డాలర్లు మిగులుతాయని కంపెనీ అప్పట్లో లెక్కేసింది. 2025 మార్చిలో మరో కోత వచ్చింది. ఈసారి అన్ని చోట్లా కలిపి దాదాపు 2,000 ఉద్యోగాలు.