రెండు ఆపరేషన్ల నడుమ శరీరం చేసే పని

"ఇన్నిసార్లు కోయడమెందుకు డాక్టరుగారూ, ఒకేసారి చేసేయొచ్చు కదా?" ఒళ్ళు కాలిన బిడ్డను మూడోసారో నాలుగోసారో ఆపరేషన్‌కి తీసుకొచ్చిన తల్లి ఇలా అడగడం సహజం. డబ్బు, సెలవులు, భయం, అన్నీ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. దానికి నాకు తెలిసిన మంచి జవాబు ఒక చర్మపు గొట్టం కథ.

1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో హెరాల్డ్ గిలీస్ అనే సర్జన్, మొదటి ప్రపంచ యుద్ధంలోని జట్లండ్ నౌకాయుద్ధంలో ముఖం కాలిన ఒక నావికుడికి ఛాతీ చర్మంతో ముఖం సరిచేస్తున్నాడు. మందమైన చర్మాన్ని పూర్తిగా కోసి వేరే చోట అతికిస్తే రక్తం అందక చచ్చిపోతుంది. అందుకే ఒక కొసను ఒంటికే ఉంచి, పట్టీలా పైకి లేపాడు. ఆ పట్టీ అంచులు లోపలికి చుట్టుకుపోతుంటే, వాటిని కలిపి గొట్టంలా కుట్టేశాడు. పచ్చిగా ఉన్న వైపు లోపలికి పోయింది. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో ఇన్ఫెక్షన్ తగ్గడానికి అదే పెద్ద అండ అయింది. దాదాపు అదే కాలంలో ఒడెస్సాలో ఫిలాటోవ్ అనే డాక్టరుకూ విడిగా ఇదే ఉపాయం తట్టింది.

గొట్టం రెండో కొసను కొత్త చోట కుట్టాక సర్జన్ ఆగాల్సిందే. సుమారు మూడు వారాల్లో కొత్త చోటి నుంచి సన్నని రక్తనాళాలు గొట్టంలోకి పెరుగుతాయి. అప్పుడే పాత కొస కోయాలి. తొందరపడితే చర్మం నల్లబడి చచ్చిపోతుంది, పడ్డ కష్టమంతా వృథా. కొన్నిసార్లు పొట్ట మీది చర్మాన్ని ముందు మణికట్టుకు అతికించి, అది అక్కడ నిలదొక్కుకున్నాక ముఖానికి చేర్చేవారు. నెలల తరబడి సాగే ఆ ప్రయాణంలో కత్తి పట్టే సమయం కొన్ని గంటలే.

నేడు చాలా పద్ధతులు మారాయి కానీ, గాయం మానే వేగం మారలేదు. కుట్లు విప్పేసరికి గాయం మానిపోయిందనుకుంటాం. నిజానికి మూడు వారాలకు మచ్చ బలం మామూలు చర్మంలో ఐదో వంతే. లోపల కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు తెగుతూ, మళ్ళీ పేనుకుంటూ, వరుస కడుతూ ఉంటాయి. ఎర్రగా, గట్టిగా, దురదగా ఉన్న మచ్చ మెత్తబడి పాలిపోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ముడుచుకుపోతున్న మచ్చను ఆ ఉడుకులోనే మళ్ళీ కోస్తే, మళ్ళీ ముడుచుకునే ప్రమాదం ఉంది. కనురెప్ప మూతపడక కన్ను ఎండిపోతుంటే మాత్రం ఆగరు, వెంటనే చేస్తారు.

ఈ పనికి శరీరానికి సరుకు కావాలి, అందులో ముఖ్యం ప్రోటీన్. మరి మన ఇళ్లలో జరిగేదేమిటి? "పప్పు పెట్టకండి, చీము పడుతుంది." గుడ్డూ వద్దు, వంకాయా వద్దు. ప్రేమతోనే చెబుతారు, అందుకే కాదనడం కష్టం. కానీ చీము పట్టించేది బాక్టీరియా, పప్పు కాదు. పెద్ద కాలిన గాయాలున్నవాళ్ళకు మామూలు మనిషికన్నా చాలా ఎక్కువ ప్రోటీన్ కావాలి. అలాంటివాళ్ళకు నెలల తరబడి చారన్నంతో సరిపెడితే గోడ కట్టేవాడికి ఇటుకలు ఇవ్వనట్టే. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప పప్పు, గుడ్డు, పెరుగు పెట్టాలి. కొలాజెన్ పేనడానికి విటమిన్ సి కూడా కావాలి, దానికి జామకాయ, నిమ్మకాయ ఉన్నాయి. పొగతాగడం మానాలి, ఎందుకంటే నికోటిన్ ఆ సన్నని నాళాలనే బిగిస్తుంది. మంచం మీదే ఉంటే కండ కొద్ది రోజుల్లోనే కరగడం మొదలవుతుంది కాబట్టి ఫిజియోథెరపీ మానకూడదు. తర్వాతి ఆపరేషన్ తట్టుకునే సత్తువ ఈ వారాల్లోనే కూడుతుంది.

మనసు సంగతో? ఇక్కడ గిలీస్ బంధువు, తనూ సర్జనే అయిన ఆర్చిబాల్డ్ మెకిండోను తలచుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే చిన్న పట్టణంలోని ఆసుపత్రికి ముఖాలూ చేతులూ కాలిన విమాన సిబ్బంది వచ్చేవారు. ఒక్కొక్కరికి పది, ఇరవై, ఆ పైన ఆపరేషన్లు. సముద్రంలో పడ్డవాళ్ళ గాయాలు మెరుగ్గా మానడం గమనించి ఆయన ఉప్పునీటి స్నానాలు పెట్టించాడు. రోగుల దుస్తులు తీసేసి సొంత యూనిఫారాలు వేసుకోనిచ్చాడు. కావాలంటే పక్కవాడి ఆపరేషన్‌ను దగ్గరుండి చూడనిచ్చేవాడు. తనకేం జరగబోతోందో తెలిశాక సగం టెన్షన్ తగ్గేది.

ఊరివాళ్ళతోనూ మాట్లాడాడు: వీళ్ళని ఇళ్లకు పిలవండి, ముఖం తిప్పుకోకండి, గుచ్చి గుచ్చి చూడకండి. వాళ్ళు పిలిచారు, టీ ఇచ్చారు, డాన్సులకు తీసుకెళ్ళారు. ఆ పట్టణానికి 'తేరిపార చూడని ఊరు' అనే పేరు నిలిచింది. మన దగ్గర పలకరించడానికి వచ్చినవాళ్ళు "అయ్యో, ఎలా ఉండేవాడివి!" అంటూ కంటనీరు పెట్టుకున్నప్పుడల్లా నాకు ఆ ఊరు గుర్తొస్తుంది.

1941లో ఆ రోగులే, ప్రయోగాలకు వాడే గినీ పిగ్ అనే చిన్న జంతువు పేరుతో, గినీ పిగ్ క్లబ్ పెట్టుకున్నారు. వేళ్ళు కాలినవాణ్ణి కార్యదర్శిని చేశారు, ఎక్కువ ఉత్తరాలు రాయలేడని. కాళ్ళు కాలినవాణ్ణి కోశాధికారిని చేశారు, డబ్బు పట్టుకుని పారిపోలేడని. యుద్ధం ముగిసేనాటికి సభ్యులు 649 మంది. 2007 దాకా ఏటా కలుసుకుంటూనే ఉన్నారు.