మూడింట్లో రెండు ఒకే అబద్ధం చెబితే

మూడేసి సెన్సర్లు పెట్టుకున్న విమానం కూడా ఎలా మోసపోతుందని ఒక పాఠకుడి ప్రశ్న.

శంషాబాద్‌లో ఎయిర్‌బస్ ఏ320 ఎక్కబోయే ముందు దాని ముక్కు పక్కన చూడండి. అరచేతిలో పట్టేంత బద్ద ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అది యాంగిల్ ఆఫ్ అటాక్ వేన్. గాలివాటుకు తిరుగుతూ, రెక్కకు గాలి ఏ కోణంలో తగులుతోందో చెబుతుంది. ఆ కోణం హద్దు మీరితే రెక్క విమానాన్ని మోయలేదు. అదే స్టాల్. అందుకే హద్దు దగ్గరపడగానే, పైలట్ స్టిక్ ఎంత లాగినా కంప్యూటర్ ముక్కును ఇక లేవనివ్వదు.

వేన్లు మూడు. మిగతా రెండింటితో పొసగనిదాన్ని కంప్యూటర్ పక్కన పెట్టేస్తుంది. ముగ్గురు పెద్దమనుషుల పంచాయితీ అన్నమాట. ఎవరు వేరుపడ్డారన్నదే ఆ పంచాయితీకి తెలుస్తుంది. నిజం ఎవరిదో తెలియదు. ఇద్దరు ఒకే అబద్ధం మీద నిలబడితే, నిజం చెప్పినవాడికే వెలి.

2008 నవంబరు 27న ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ దగ్గర జరిగిందదే. మూడు రోజుల ముందు ఒక ఏ320ని వేన్లకు తొడుగులు వేయకుండా నీళ్లతో కడిగారు. (కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించడం మనం మరిచిపోం. తొడుగులు మాత్రం మరిచిపోతాం.) లోపలికి దిగిన నీరు పైన గడ్డకట్టి, ఒకటో వేనూ రెండో వేనూ దాదాపు ఒకే కోణంలో బిగుసుకుపోయాయి. బాగున్న మూడోది వెలి. ఆ సంగతి తెలియని సిబ్బంది తక్కువ ఎత్తులో వేగం తగ్గిస్తూ స్టాల్ రక్షణనే పరీక్షించారు. అది రాలేదు. ఆలోగా ఆటోట్రిమ్ (ముక్కు కోణాన్ని తనంతట తానే సర్దే ఏర్పాటు) తోక దగ్గరి అడ్డరెక్క స్టెబిలైజర్‌ను ముక్కెత్తే వైపు చివరిదాకా తిప్పేసింది. పవర్ పెంచేసరికి ముక్కు ఇంకా లేచింది. విమానం కూలి, అందులోని ఏడుగురూ చనిపోయారు.

2014 నవంబరు 5న స్పెయిన్‌లోని బిల్బావో నుంచి బయల్దేరిన లుఫ్తాన్సా ఏ321ది ఇదే జబ్బు, లక్షణం మాత్రం తలకిందులు. పైకెక్కుతుండగా రెండు వేన్లు బిగుసుకున్నాయి. మ్యాక్ సంఖ్య (ధ్వని వేగంతో పోల్చి చెప్పే విమాన వేగం) పెరిగేకొద్దీ హద్దు కోణం తగ్గుతుంది. కదలని అంకె ఉన్నచోటే ఉంది, హద్దే దిగొచ్చి దాన్ని తాకింది. 31,000 అడుగుల దగ్గర కంప్యూటర్ ముక్కు దించేసింది. నిమిషానికి 4,000 అడుగుల చొప్పున జారిన విమానాన్ని పైలట్లు 27,000 దగ్గర నిలబెట్టుకున్నారు.

బోయింగ్ 737 మ్యాక్స్‌లో ముక్కును తనంతట తానే దించే ఎంసీఏఎస్ వ్యవస్థకు తొలినాళ్లలో పంచాయితీయే లేదు. రెండు వేన్లున్నా ఒక్కదాని మాటే వినేది.

బిల్బావో తర్వాత ఎయిర్‌బస్ పైలట్లకు అందిన సూచన ఇది: స్టిక్ లాగినా ముక్కు దిగుతూనే ఉంటే, వేన్ల లాంటి సెన్సర్ల అంకెలను కంప్యూటర్‌కు అందించే మూడు ఏడీఆర్‌లలో ఒకటి ఉంచి రెండు ఆపేయండి. పోల్చిచూడ్డానికి ఏమీ మిగలక కంప్యూటర్ ఆల్టర్నేట్ లాలోకి, అంటే రక్షణలు తగ్గిన నియంత్రణ పద్ధతిలోకి దిగుతుంది, స్టిక్ మాట చెల్లుతుంది. స్టాల్ రక్షణ మాత్రం ఇక ఉండదు. పిచ్ (ముక్కు ఎత్తు), పవర్ రెండూ పైలట్ చూసుకోవాల్సిందే.