నడుంల సూదా, పూర్తి మత్తా?

"నడుంల సూదేస్తే జిందగీ అంతా నడుమునొప్పి ఉంటదట గద సార్?" హనుమకొండ ఆస్పత్రుల్లో మోకాలి ఆపరేషన్‌కు వచ్చేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. నడుము కింది భాగాన్ని మాత్రమే మొద్దుబార్చే మత్తుసూది ఇది. ఆ టెన్షన్‌తోనే కొందరు పూర్తి మత్తే కావాలని పట్టుబడతారు.

పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. సూది గుచ్చేది అంతకన్నా కింద. అక్కడుండేది వెన్నుద్రవంలో తేలే నరాల పోగులు. సూది మందం సుమారు అర మిల్లీమీటరు, మందు రెండు మూడు మిల్లీలీటర్లు. ముందు కాళ్లు వెచ్చబడతాయి. డాక్టర్ స్పిరిట్ దూది తొడకు తాకించి "చల్లగా ఉందా?" అని అడుగుతారు. చల్లదనం తెలియకపోతే మందు పట్టినట్టే. కాసేపటికి పాదం ఎత్తుదామన్నా లేవదు. గుచ్చిన చోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చు గానీ, ఏళ్ల తరబడి నడుమునొప్పికి ఈ సూది కారణమనడానికి ఆధారం లేదు.

ఈ సూదితో తలనొప్పి రావొచ్చన్నది మాత్రం నిజమే. 1898లో జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ ఈ పద్ధతిని కొకైన్‌తో మొదలుపెట్టాడు. తన మీద, తన సహాయకుడి మీద కూడా ప్రయోగించుకుంటే ఇద్దరికీ విపరీతమైన తలనొప్పి వచ్చింది. గుచ్చిన రంధ్రంలోంచి వెన్నుద్రవం కారడమే దానికి మూలం. పెన్సిల్ మొనలాంటి సన్నని సూదులొచ్చాక ఈ బాధ బాగా తగ్గింది. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే ఈ తలనొప్పి చాలావరకు ఒకటి రెండు రోజులకు, అంటే ఇంటికి చేరాక మొదలవుతుంది. అప్పుడు ఓర్చుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

అదే రోజు ఇంటికి పోవాలంటే, నా దృష్టిలో అసలు చూడాల్సింది మందు ఎంతసేపు పనిచేస్తుందన్నది. కెమెరా గొట్టంతో చిరిగిన మెనిస్కస్‌ను (మోకాలి కీలులో మెత్తలా ఉండే మృదులాస్థిని) సరిచేయడం చాలాసార్లు గంటలోపు పని. నడుము సూదిలో ఎక్కువగా వాడే బుపివకెయిన్ అనే మందు ప్రభావం రెండు నుంచి నాలుగు గంటలు. ఆపరేషన్ అయిపోయినా కాళ్లు కదలవు, మూత్రం ఆగిపోవచ్చు. ఏటూరునాగారం దాకా వెళ్లాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. డోసు తగ్గించడమో, క్లోరోప్రొకెయిన్ లాంటి త్వరగా దిగే మందు వాడడమో దీనికి మార్గం.

పూర్తి మత్తులో ప్రొపోఫాల్ అనే మందుతో నిద్రపుచ్చి, శ్వాస కోసం గొంతులో గొట్టం పెడతారు. మందు ఆపిన కొద్ది నిమిషాల్లోనే మెలకువ వస్తుంది, కాళ్లు ఆడతాయి. వాంతులు, గొంతునొప్పి మాత్రం ఇందులోనే ఎక్కువ. పైగా మెలకువతో పాటే మోకాలినొప్పీ తెలుస్తుంది. నడుము సూదిలో ఆ నొప్పి ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి, ముందే మాత్ర వేసుకునే వీలుంటుంది.

ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు సాధారణంగా నడుము సూది నయం. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, సూది కుదరకపోవచ్చు. ఏ మత్తయినా పరగడుపున రావాల్సిందే.

సూది తర్వాత మొదటిసారి లేచేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. కాలు కదిలినంత మాత్రాన ఒంటి బరువు మోసే బలం వచ్చినట్టు కాదు.