మిరపకాయ మంటకూ కంట్లో కండకూ సంబంధమేంటి?

పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నులుముకుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కన్ను భగ్గుమంటుంది, నీళ్లు ధారగా కారతాయి. నిజానికి అక్కడ వేడేమీ పెరగలేదు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకునే ఒక ప్రోటీన్ ద్వారాన్ని మిరపలోని కాప్సైసిన్ మామూలు వేడిలోనే తెరిచేస్తుంది. దాంతో కన్ను కాలినట్టే అనిపిస్తుంది. ఆ ప్రోటీన్ పేరు టీఆర్‌పీవీ1. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీని జన్యువును పట్టుకుంది. స్పర్శను పసిగట్టే ప్రోటీన్లను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి జూలియస్ 2021లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మంట, నొప్పి అనగానే మనకు నరాలే గుర్తొస్తాయి. కానీ ఈ ద్వారాలు నల్లగుడ్డు మీది కార్నియాలోనూ, తెల్లగుడ్డును కప్పే కంజంక్టైవాలోనూ మామూలు పైపొర కణాల్లో కూడా ఉన్నాయి. నొప్పిని మెదడుకు చేరవేసే పని ఈ కణాలది కాదు. మరి వీటికి ఈ ద్వారాలెందుకు?

జవాబు కాల్షియంలో ఉంది. కణం లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం కన్నా బయట ఉండేది దాదాపు పదివేల రెట్లు ఎక్కువ. ద్వారం కాస్త తెరుచుకున్నా చాలు, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. కణానికి అదే ఆదేశం: విభజన చెందు, గాయం వైపు కదులు, వాపును పెంచే రసాయనాలను వదులు.

ల్యాబ్‌లో దీన్ని కళ్లారా చూడొచ్చు. ఫ్యూరా-2 అనే రంగును కణాల్లోకి ఎక్కించి, 340, 380 నానోమీటర్ల కాంతిని మార్చి మార్చి వేస్తారు. రెండు కాంతుల్లో వచ్చే మెరుపుల నిష్పత్తిని బట్టి కాల్షియం ఎంతుందో తెలుస్తుంది. కణాలున్న ద్రవాన్ని వేడి చేస్తే తెర మీద గీత పైకి లేస్తుంది. టీఆర్‌పీవీ1ను మూసేసే కాప్సజెపిన్ కలిపితే ఆ గీత అంతగా లేవదు.

ఇక జబ్బు సంగతి. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసే రైతులకూ మత్స్యకారులకూ కంట్లో కండ పెరగడం మన ఊళ్లలో కొత్తేమీ కాదు. డాక్టర్లు దీన్ని టెరిజియం అంటారు. ఎక్కువగా ముక్కు వైపు నుంచి త్రికోణంలా మొదలై నల్లగుడ్డు మీదికి పాకుతుంది. అతినీలలోహిత కిరణాలే దీనికి ముఖ్య కారణం. ఈ కండ కణాల్లో టీఆర్‌పీవీ1 మామూలు కంజంక్టైవా కణాల్లో కంటే చురుగ్గా ఉంటుందని జర్మనీ శాస్త్రవేత్తలు 2016లో చూపించారు. నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఇంకొకటుంది. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కూడా ఈ ద్వారం ద్వారానే కాల్షియాన్ని లోపలికి రప్పిస్తోంది. అంటే ఈ ద్వారం తెరుచుకోవడానికి వేడే అక్కర్లేదు, పెరుగుదల సంకేతం చాలు. వేడిని గుర్తుపట్టాల్సిన ప్రోటీన్ ఇక్కడ కండ పెరగడానికి తోడ్పడుతోంది.

దీని బంధువు టీఆర్‌పీఎం8 చల్లదనానికి, మెంథాల్‌కు స్పందిస్తుంది. కన్నీటి పొర ఆవిరై కార్నియా కాస్త చల్లబడితే కన్నీరు ఊరేలా చూస్తుంది. దీన్ని ప్రేరేపించే అకోల్ట్రెమాన్ చుక్కల మందుకు కళ్లు పొడిబారే సమస్య కోసం 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది.

టీఆర్‌పీవీ1తో వ్యవహారం అంత సులువు కాదు. దీన్ని అడ్డుకునే మందులు కొన్ని నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఒంట్లో వేడి పెరిగింది. కంటి చుక్కలుగా ఇస్తే ఆ ఇబ్బంది తగ్గవచ్చు, కానీ ఇంకో చిక్కుంది. ఈ ప్రోటీన్ లేని ఎలుకల్లో క్షారం పడి కాలిన కార్నియా మీద మచ్చ తక్కువగా పడింది. అదే పైపొర గీసుకుపోతే మాత్రం గాయం ఆలస్యంగా మానింది. కండ తీసేసే ఆపరేషన్ కూడా కంటికి గాయమే. కాబట్టి అది మళ్లీ పెరగకుండా ఇలాంటి చుక్కలు వాడాలంటే, ముందు పైపొర మూసుకునేదాకా ఆగి, ఆ తర్వాతే మొదలుపెట్టాల్సి రావచ్చని నాకనిపిస్తోంది.