పరిశ్రమల సంఘాల మీద అపోహలు – వాస్తవాలు: లోపల పనిచేసే మనిషి చెప్పేది

హైదరాబాద్‌లో ఒక పరిశ్రమల సంఘంలో పాలసీ డెస్క్ చూస్తాను. కొత్త జీవో, డ్రాఫ్ట్ రూల్, బిల్లు ఏది వచ్చినా దానివల్ల మా సభ్యుల మీద ఎంత భారం పడుతుందో లెక్కగట్టి, రిప్రజెంటేషన్ రాసి, సంబంధిత పేషీకి చేర్చి, తర్వాత ఆ ఫైల్ ఏ సెక్షన్‌లో ఉందో కనుక్కుంటూ తిరగడం నా పని. ఇది చెబితే "అంటే బ్రోకర్ పనా?" అని అడిగినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. బాధేసింది. ఇప్పుడు తెలంగాణ చాంబర్ల ఫెడరేషన్‌గా ఉన్న సంస్థ 1917లోనే మొదలైంది, అంటే ఈ పనికి మన దగ్గర వందేళ్లు దాటాయి. అయినా లోపల ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు.

అపోహ: మంత్రికి శాలువా కప్పి ఫొటో దిగితే పని అయిపోతుంది.

వాస్తవం: ఫొటో పేపర్లో వస్తుంది, ఫైల్ మాత్రం అంకెలుంటేనే కదులుతుంది. మంత్రిగారు మా కాగితం మీద "పరిశీలించండి" అని రాసి కిందికి పంపుతారు. అక్కడ అడిగేవి మూడే: ఎన్ని యూనిట్లకు ఇబ్బంది, ఖజానాకు ఎంత తగ్గుతుంది, పక్క రాష్ట్రాల్లో ఏం చేస్తున్నారు. వీటికి జవాబు లేని వినతిపత్రం అక్కడే ఆగిపోతుంది. అందుకే నా టైమ్‌లో సగం పైగా అధికారుల దగ్గర కాదు, "సార్, మీ కరెంటు బిల్లుల కాపీలు పంపండి" అని మా సభ్యులనే బతిమాలడంలో పోతుంది.

అపోహ: అంతా మూసిన తలుపుల వెనకే తేల్చేస్తారు, మామూలు మనిషికి చోటే ఉండదు.

వాస్తవం: కొన్ని విషయాల్లో నిజమే. కానీ పరిశ్రమకు అన్నిటికంటే ముఖ్యమైన కరెంటు చార్జీల సంగతి చూడండి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, తమ ప్రతిపాదనను ప్రజల ముందు పెట్టాలి, ఈఆర్సీ (విద్యుత్ నియంత్రణ కమిషన్) జనం అభ్యంతరాలు తీసుకుని 120 రోజుల్లో తేల్చాలి. బహిరంగ విచారణకు ఎవరైనా రావచ్చు, మాట్లాడవచ్చు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నా పక్క కుర్చీలో ఒక రైతు సంఘం పెద్దాయన కూర్చున్నారు. మీటర్లు లేని పంపుసెట్ల వాడకాన్ని అంచనా మీద లెక్కవేస్తున్నారు కదా, ఆ అంచనా ఎక్కువ చూపిస్తే మీ లైన్లలో పోయే కరెంటు కూడా రైతు ఖాతాలో పడిపోతుంది కదా అని ఆయన డిస్కం వాళ్లను అడుగుతుంటే నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే నేను రాసుకొచ్చిన ప్రశ్న కూడా సరిగ్గా అదే. ఆ అంచనా పెరిగితే క్రాస్ సబ్సిడీ పేరుతో, అంటే ఒకరికి తగ్గించిన చార్జీని ఇంకొకరి బిల్లులో రాబట్టే పద్ధతిలో, మా మీదా బరువు పెరుగుతుంది. రైతుకూ ఫ్యాక్టరీకీ ఎప్పుడూ పేచీయే అనుకునేవాళ్లు ఒక్కసారి ఆ హాల్లో కూర్చుని చూడాలి. అడిగిన ప్రశ్న, డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం, మూడూ టారిఫ్ ఆర్డర్‌లో అచ్చవుతాయి. ఎవరైనా చదువుకోవచ్చు.

అపోహ: జీఎస్టీ ఢిల్లీ వ్యవహారం, రాష్ట్ర స్థాయి సంఘం చేసేదేమీ ఉండదు.

వాస్తవం: పన్ను రేట్లు తేల్చేది కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చునే జీఎస్టీ కౌన్సిల్. అందులో ఓటు బరువు కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. నిర్ణయం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. కాబట్టి మన ఆర్థిక మంత్రికి విషయం అర్థమయ్యేలా చెప్పడమే అసలు పని. 2022 జనవరి 1 నుంచి బట్టల మీద పన్ను 5 శాతం నుంచి 12కు పెంచాలని ముందే నిర్ణయమైపోయింది. చేనేత, మరమగ్గాల వాళ్లు, వ్యాపారులు రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో గొంతెత్తారు, రాష్ట్ర ప్రభుత్వాలు అందుకున్నాయి, డిసెంబర్ 31న, అంటే అమలుకు ఒక్క రోజు ముందు, కౌన్సిల్ దాన్ని వాయిదా వేసింది. అదే జనవరి 1న వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద మాత్రం పన్ను 12 శాతానికి పెరిగిపోయింది, 2025 సెప్టెంబర్ దాకా అలాగే ఉంది. చెప్పులు కుట్టేవాళ్ల తరఫున అంత గట్టిగా అడిగినవాళ్లు లేకపోవడమే తేడా అని నా నమ్మకం.

అపోహ: ఈ సంఘాలే పార్టీలకు డబ్బు సంచులు మోస్తాయి.

వాస్తవం: చందాలు ఇచ్చేది కంపెనీలు, కంపెనీల చట్టం 182వ సెక్షన్ కింద. పేరు బయటపడకుండా పార్టీలకు చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేసినప్పుడు కంపెనీలు ఎంతైనా ఇవ్వొచ్చన్న సవరణ కూడా పోయింది. మా సభ్యత్వ ఫీజులు జీతాలకు, హాలు ఖర్చులకు సరిపోతే గొప్ప. కాకపోతే ఒకటి ఒప్పుకోవాలి: మన దేశంలో లాబీయింగ్‌కు, అంటే ప్రభుత్వ నిర్ణయాలను తమవైపు తిప్పుకునే ప్రయత్నానికి, ప్రత్యేక చట్టం లేదు, ఎవరు ఎవరిని కలిసి ఏం అడిగారో జనానికి తెలిసే దారి లేదు. మేమిచ్చే ప్రతి రిప్రజెంటేషన్ అందరికీ కనబడేలా పెట్టాలని మా ఆఫీసులో నేను అడుగుతూనే ఉన్నాను.

అపోహ: ఇవి కార్మికులకు వ్యతిరేక సంఘాలు.

వాస్తవం: వేతనాల పెంపును మేము ఆపాలని చూసిన సందర్భాలున్నాయి, దాచను. అయితే కనీస వేతనాల కమిటీలో యజమానులూ కార్మికులూ సమాన సంఖ్యలో ఉండాలని 1948 చట్టమే చెప్పింది, 2019 వేతన కోడ్‌లోనూ అంతే. ఇంకా పెద్ద గొడవ స్థానికులకు ఉద్యోగాల చట్టాలది. 75 శాతం కోటా ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చింది. హర్యానా తెచ్చిన అలాంటి చట్టం మీద అక్కడి పరిశ్రమల సంఘాలు కోర్టుకెళ్తే 2023 నవంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక 2024 జూలైలో కేబినెట్ ఆమోదించిన బిల్లును పరిశ్రమ అభ్యంతరాలతో రెండు రోజుల్లోనే పక్కన పెట్టింది. ఆ అభ్యంతరాలు న్యాయమైనవే అని నేనూ అంటాను. కానీ "వద్దు" అని చెప్పినంత గట్టిగా "మా ఊరి పిల్లలకు ఈ మెషీన్ మీద మేమే ట్రైనింగ్ ఇస్తాం" అని చెప్పలేదు. అది మా తప్పు.

అపోహ: ఇది పెద్ద కంపెనీల క్లబ్, చిన్న యూనిట్‌కు ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: దీనికి జవాబు చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టం. పెద్ద కంపెనీకి మీటింగులకు పంపడానికి మనిషి ఉంటాడు. బాలానగర్‌లో మూడు లేత్ మెషీన్లు పెట్టుకున్నాయన షట్టర్ దించితే తప్ప రాలేడు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు కొన్నవాళ్లు సూక్ష్మ, చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. తేల్చడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది, అందులో చిన్న పరిశ్రమల సంఘాల ప్రతినిధికి చోటివ్వాలని చట్టంలోనే ఉంది. ఇంత ఉన్నా ఫిర్యాదు చేయడానికి భయపడతారు, మళ్లీ ఆర్డర్ రాదేమోనని. డబ్బు ఆపినవాడూ, రావాల్సినవాడూ ఇద్దరూ మా సభ్యులే అయినప్పుడు మా గొంతు కూడా తగ్గిన రోజులున్నాయి.

పోయినేడు ఒకాయన పదకొండు నెలల పాత ఇన్వాయిస్‌లు పట్టుకుని వచ్చాడు. "ఉద్యమ్ నంబర్ ఉందా అన్నా?" అని మొదట అడిగాను. ఉద్యమ్ అంటే సూక్ష్మ, చిన్న, మధ్య తరహా యూనిట్లకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్. లేదన్నాడు. సరుకు ఇచ్చే ముందే ఆ నంబర్ ఉంటే కౌన్సిల్‌లో మాట్లాడటం ఎంత తేలికయ్యేదో చెప్పడానికి నోరు రాలేదు. ఫీజు లేదు, ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుంటే ఆన్‌లైన్‌లో కాసేపటి పని, జీఎస్టీ ఉంటే ఆ నంబర్ కూడా. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో చిన్న యూనిట్ నడిపేవాళ్లుంటే ఈ వారమే చేయించండి.