పార్కింగ్ లాట్‌లో దొరికింది పెంగ్విన్ పిల్ల కాదు: అపోహలు - వాస్తవాలు

మసాచుసెట్స్‌లో వన్యప్రాణుల ఆసుపత్రిలో పశువైద్యురాలిగా పనిచేస్తున్నాను. చలికాలంలో ఇక్కడి తీరం మీద ఈశాన్య గాలులతో విరుచుకుపడే తుఫాన్లను నార్‌ఈస్టర్లు అంటారు. అలాంటి తుఫాను వెళ్లిన మర్నాడు మా ఫోన్లకు తీరిక ఉండదు. "డాక్టర్ గారూ, మా ఆఫీసు పార్కింగ్ లాట్‌లో చిన్న పెంగ్విన్ ఉందండీ, మంచులో అలాగే కూర్చుంది." ఇక్కడి మన తెలుగువాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టి ఏం చేయాలని అడుగుతుంటారు. అందరూ మంచి మనసుతోనే సలహాలు ఇస్తారు. వాటిలో కొన్ని పక్షి ప్రాణం తీస్తాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అది పెంగ్విన్ పిల్ల, తల్లి వచ్చి తీసుకెళ్తుంది

ఉత్తర అట్లాంటిక్‌లో పెంగ్విన్లు లేవు. అది డోవ్‌కీ. పావురం కన్నా చిన్నగా, 150 గ్రాములకు అటూఇటూ బరువుండే పక్షి. ఆర్కిటిక్‌లో గ్రీన్‌లాండ్, స్వాల్‌బార్డ్ దీవుల వైపు రాళ్ల సందుల్లో గుడ్లు పెడుతుంది, చలికాలమంతా ఒడ్డుకు దూరంగా సముద్రం మీదే గడుపుతుంది. ఇక్కడ దాని కోసం ఏ తల్లీ రాదు. వదిలేస్తే వచ్చేవి కాకులు, సీగల్స్.

అపోహ: ఎగరడం లేదంటే రెక్క విరిగినట్టే

నేను ఎక్కువగా వినే మాట ఇదే. చాలాసార్లు రెక్కకు ఏమీ కాదు. నీళ్లలో ఈదడానికి, మునగడానికి వీలుగా ఈ పక్షుల కాళ్లు బాగా వెనక్కి ఉంటాయి. మన చెరువుల్లో బుడుబుంగను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నీళ్లలో దాని చురుకు చూడాలి, గట్టెక్కితే నడవడానికే కష్టం. కామన్ లూన్ అనే పెద్ద నీటి పక్షి అయితే నీటి మీద పదుల మీటర్లు పరుగెత్తితే గానీ గాల్లోకి లేవలేదు. నేల మీద దిగిందంటే ఇక అక్కడే.

మరి నేల మీద ఎందుకు దిగుతుంది? రాత్రిపూట తడిసిన తారు రోడ్డు, దీపాల వెలుగులో పార్కింగ్ లాట్, పైనుంచి చూస్తే నీళ్లలాగే మెరుస్తాయి. 2011 డిసెంబరులో యూటా రాష్ట్రంలోని సీడర్ సిటీ దగ్గర మంచు తుఫానులో వేలాది ఇయర్డ్ గ్రీబ్‌లు, అంటే మన బుడుబుంగ చుట్టాలు, ఇలాగే పొరబడి నేల మీదికి దూసుకొచ్చాయి. చాలా పక్షులు ఆ దెబ్బకే చనిపోయాయి. బతికినవాటిని వేల సంఖ్యలో ఏరి, పెట్టెల్లో పట్టుకెళ్లి నీళ్లలో వదిలారు.

దయచేసి పక్షిని గాల్లోకి విసిరి ఎగురుతుందేమో చూడకండి. బాగున్న రెక్క అప్పుడు విరుగుతుంది.

అపోహ: గాలికి కొట్టుకొచ్చింది, అంతే

గాలి చివర్లో తోస్తుంది. అంతకు ముందే ఆకలి సగం పని చేసి ఉంటుంది. డోవ్‌కీ తినేవి సముద్రంలో తేలే అతి చిన్న రొయ్యల్లాంటి జీవులు. రోజుల తరబడి అలలు కల్లోలంగా ఉంటే దానికి తిండి దొరకదు. చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా వేళ్లకు తగులుతుంది. 1932 నవంబరులో న్యూయార్క్ వీధుల్లో డోవ్‌కీలు రాలిపడ్డాయి. అప్పుడు నోవా స్కోషియా నుంచి ఫ్లోరిడా దాకా అవి కనిపించాయి. 2014 జనవరి, ఫిబ్రవరి తుఫాన్ల తర్వాత పశ్చిమ యూరప్ తీరాల్లో చనిపోయి దొరికిన సముద్రపు పక్షులు 50 వేలకు పైనే. వాటిలో డోవ్‌కీ చుట్టాలైన పఫిన్లే ఎక్కువ.

అపోహ: ముందు కాసిని నీళ్లు, కాస్త తిండి పెట్టాలి

గుమ్మంలోకి వచ్చిన ప్రాణికి ముందు మంచినీళ్లివ్వడం మన అలవాటు. ఆ మనసును నేను తప్పుపట్టను. కానీ పక్షికి ఊపిరి గొట్టం నోట్లోనే, నాలుక మొదట్లో తెరుచుకుని ఉంటుంది. పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పైగా 40 డిగ్రీల దాకా ఉండాల్సిన ఒళ్లు చల్లబడిపోతే పేగులు పనిచేయవు, తిన్నది అరగదు. మేం కూడా ముందు వెచ్చబెడతాం, రక్తం చూస్తాం, తర్వాత గోరువెచ్చని ఎలక్ట్రోలైట్ ద్రవాన్ని ట్యూబుతో కడుపులోకి పంపిస్తాం. చేపల జావ ఆ తర్వాతే.

ఒకసారి ఒక అక్క పాలలో అన్నం మెత్తగా పిసికి, రాత్రంతా నిద్ర మానుకుని డోవ్‌కీకి పెట్టింది. మా దగ్గరికి తెచ్చేసరికి దాని ఊపిరితిత్తుల నిండా పాలు. అరగంటలో పోయింది. ఆ అక్క చాలాసేపు ఏడ్చింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తగానే నా మొదటి మాట, "ఏమీ పెట్టకండి, ఏమీ తాగించకండి."

అపోహ: బాత్‌టబ్‌లోనో దగ్గర్లో చెరువులోనో వదిలితే సరిపోతుంది

ఈ పక్షిని బతికించేది దాని ఈకల అల్లిక. నీళ్లు చర్మం దాకా పోకుండా అదే ఆపుతుంది. మన చేతి నూనె, సబ్బు, దాని రెట్ట అంటినా ఆ అల్లిక చెడుతుంది. అప్పుడు ఒళ్లు తడిసి, చలికి గడ్డకట్టి, నీళ్లలోనే చనిపోతుంది. గట్టి నేల మీద ఎక్కువసేపు కూర్చుంటే రొమ్ము కింద పుండ్లు పడతాయి కూడా. అందుకే మా దగ్గర వల బిగించిన మెత్తటి అడుగు మీద ఉంచుతాం.

మీరు చేయాల్సింది ఇంతే. చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్క్ వేసుకోండి, ఎందుకంటే 2022 నుంచి ఇక్కడి అడవి పక్షుల్లో బర్డ్ ఫ్లూ ఉంది. మీద టవల్ కప్పి ఎత్తండి. లూన్ అయితే ముఖానికి దూరంగా పట్టుకోండి, దాని ముక్కు సూటిగా కళ్లకే వస్తుంది. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మందంగా టవల్ పరిచి ఉంచి, మూత వేసి, లైసెన్స్ ఉన్న వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చేయండి. కారులో పాటలు ఆపేయండి. 1918 నాటి అమెరికా వలస పక్షుల చట్టం ప్రకారం ఇంట్లో పెంచుకోవడం నేరం, వెంటనే చికిత్సకు చేర్చడం నేరం కాదు.

బంగాళాఖాతం తుఫాన్లకూ పక్షులు ఇలా కొట్టుకొస్తాయి. 2020లో ఆంఫన్ తర్వాత బెంగాల్ లోపలి ప్రాంతాల్లో సూటీ టెర్న్‌లనే సముద్రపు పక్షులు కనిపించాయి. మన కోస్తాలో దొరికినా ఇదే పద్ధతి. పెట్టె, చీకటి, నిశ్శబ్దం, అటవీ శాఖకు ఫోన్.

అపోహ: ఎలాగూ బతకదు

చాలా పక్షులు బతకవు, నిజమే. కానీ దెబ్బ తగలకుండా దారి తప్పి దిగినవి కొద్ది రోజుల్లోనే తేరుకుంటాయి. పంపేముందు చల్లటి నీళ్ల కొలనులో గంటల తరబడి ఉంచి, తీసి, పొట్ట మీది ఈకలు వేలితో విడదీసి చూస్తాం. అడుగున చర్మం పొడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే సముద్రానికి తీసుకెళ్తాం.