రక్షణ పోతుందా? 1610లో తెరిచి ఉంచిన ప్రశ్న, 1619లో వచ్చిన తీర్పు

రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకుంటాడా? ఈ ప్రశ్న మీద తెలుగు సంఘాల్లో వాదన మళ్లీ రాజుకుంది. ఒక ప్రసంగంలోంచి రెండు నిమిషాల ముక్క కత్తిరించి ఒకరు పెడతారు. దానికి జవాబుగా ఇంకొకరు గంటసేపు లైవ్‌లో మాట్లాడతారు. సాయంత్రానికి ఆ రెండూ ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేస్తాయి. "దేవుడు ముందే ఏర్పరచుకున్నాడంటే సువార్త ఎందుకు?" అని ఒకరంటే, "రక్షణ నీ చేతిలో ఉందంటే సిలువ ఎందుకు?" అని ఇంకొకరు. మధ్యలో నలిగేది మాత్రం ఆదివారం ఆరాధనకు వచ్చి కూర్చునే మామూలు విశ్వాసి.

సంఘ సంస్కర్తలైన లూథర్ సంగతి, జెనీవాలో కాల్విన్ సంగతి చాలామంది వినే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. కాల్విన్ 1564లో చనిపోయాడు. ఇవాళ "కాల్వినిజం ఐదు సూత్రాలు" అని మనం అనుకునేవి ఆయన రాసినవి కావు. అవి ఆయన పోయిన యాభై ఏళ్లకు పైగా గడిచాక, డచ్చి దేశంలోని డోర్ట్‌రెక్ట్ పట్నంలో జరిగిన ఒక మహాసభలో రూపం దిద్దుకున్నాయి. ఆ సభనే డోర్ట్ సభ అంటారు. మన వాదన ఇప్పుడున్న రూపానికి రావడానికి కారణం జెనీవా కన్నా డోర్ట్ అని నా అభిప్రాయం.

1619 జనవరి 14. సభ మొదలై రెండు నెలలు. అధ్యక్షుడు యొహానెస్ బోగర్‌మన్ కోపంతో లేచి, ఎదురుగా ఉన్న బోధకుల బృందాన్ని బయటికి పొమ్మన్నాడు. వాళ్ల నాయకుడు సైమన్ ఎపిస్కోపియస్, లైడెన్ విశ్వవిద్యాలయంలో వేదాంత ఆచార్యుడు. నిజానికి వాళ్లను ఆ సభకు సభ్యులుగా పిలవలేదు. సంజాయిషీ ఇచ్చుకోవాల్సినవాళ్లుగా పిలిచారు. ఏ అంశం ముందు చర్చించాలి, ఏర్పాటు (రక్షణకు దేవుడు కొందరిని ముందే ఎంచుకోవడం) గురించా, తిరస్కారం (మిగతావాళ్లను ఎంచుకోకుండా విడిచిపెట్టడం) గురించా అన్నదాని మీదే వారాలు గడిచాయి. వాళ్లు తిరస్కారమే ముందు తేలాలన్నారు. సభ ఒప్పుకోలేదు. చివరికి వాళ్లను పంపేసి, వాళ్ల రాతలను ముందు పెట్టుకుని తీర్పు చెప్పారు. అంత గట్టి తీర్పు చెప్పేముందు వాళ్లను కూర్చోబెట్టి చివరిదాకా విని ఉంటే బాగుండేది. ఈ మాట డోర్ట్ సిద్ధాంతాన్ని ప్రేమించేవాళ్లు కూడా ఒప్పుకోవాలి.

ఇంతకీ ఆ బోధకులు అడిగిందేమిటి? దానికి తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లాలి. లైడెన్‌లో ఆచార్యుడిగా ఉన్న యాకోబస్ అర్మీనియస్ 1609లో చనిపోయాడు. ఆయన చదువుకున్నది జెనీవాలోనే, కాల్విన్ వారసుడైన బేజా దగ్గర. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1610లో, ఆయన బాటలో నడిచిన నలభై మందికి పైగా కాపరులు హాలండ్ ప్రభుత్వానికి ఐదు అంశాల విన్నపం ఒకటి ఇచ్చారు. విశ్వసించే వారిని రక్షించాలని దేవుడు నిత్య సంకల్పం చేశాడని మొదటిది. క్రీస్తు అందరి కోసం చనిపోయాడు, అయితే విశ్వసించినవాడికే ఆ క్షమాపణ దక్కుతుందని రెండోది. మూడోది చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. మనిషి తన స్వచిత్తంతో తనను రక్షించుకోలేడు, దేవుడు పరిశుద్ధాత్మ ద్వారా కొత్తగా పుట్టిస్తే తప్ప మంచిని తలచనూ లేడు అని అందులో రాశారు. కాబట్టి "అర్మీనియన్లంటే మనిషి తన బలంతో రక్షించుకుంటాడనేవాళ్లు" అని ఇవాళ కొందరు చెప్పేది సరికాదు. కృపను మనిషి ఎదిరించగలడని నాలుగోది. స్తెఫను యూదుల పెద్దలతో మీరు ఎల్లప్పుడూ పరిశుద్ధాత్మను ఎదిరిస్తున్నారన్న మాట, అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలోది, వాళ్లకు ఇక్కడ ఆధారం.

ఐదోది ఈనాటి గొడవకు మూలం. విశ్వాసికి సాతానును గెలిచే శక్తిని క్రీస్తు ఇస్తాడు, అయితే అలాంటివాడు నిర్లక్ష్యంతో మళ్లీ జారిపోయి కృపను పోగొట్టుకోగలడా అన్నది లేఖనాల్లోంచి ఇంకా జాగ్రత్తగా తేల్చుకోవాలి, ఆ తర్వాతే నిశ్చయంగా బోధించగలం అన్నారు. అంటే 1610లో ఆ ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. రక్షణ పోతుందని వాళ్లు అప్పటికి అనలేదు. ఎనిమిదేళ్ల తర్వాత డోర్ట్ సభ ముందు పెట్టిన రాతల్లో మాత్రం నిజమైన విశ్వాసి కూడా పూర్తిగా పడిపోగలడని ఖాయంగా రాశారు. మధ్యలో ఏం జరిగింది?

రాజకీయం జరిగింది. స్పెయిన్‌తో 1609లో కుదిరిన పన్నెండేళ్ల సంధికి పెద్ద దిక్కు యొహాన్ వాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్. హాలండ్‌లో ఆయన మాటకు తిరుగులేదు. విన్నపం పెట్టిన కాపరులకు ఆయన అండగా నిలిచాడు. సైన్యాధిపతి ఆరెంజ్ యువరాజు మౌరిస్‌కు ఆ సంధి నచ్చలేదు. 1617 వేసవిలో, విన్నపాన్ని వ్యతిరేకించే పక్షం వాళ్లు ఆరాధన జరుపుకునే గుడికి మౌరిస్ బహిరంగంగా వెళ్లాడు. అదే ఆగస్టులో, పట్నాలు సొంతంగా సైనికులను పెట్టుకోవచ్చని ఓల్డెన్‌బార్నెవెల్ట్ వర్గం తీర్మానం చేయించింది. ఆనాటి నుంచి ఏర్పాటు మీద ఎవరి అభిప్రాయం ఏమిటన్నది ఎవరి పార్టీ ఏమిటన్నదానికి గుర్తయిపోయింది. 1618 ఆగస్టులో ఓల్డెన్‌బార్నెవెల్ట్‌ను, న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్‌ను అరెస్టు చేశారు. నవంబరు 13న సభ మొదలైంది. ఇంగ్లండు, జెనీవా, స్విట్జర్లాండ్, జర్మన్ ప్రాంతాల నుంచి ప్రతినిధులు వచ్చారు. ఫ్రాన్స్ వాళ్లను మాత్రం రాజు రానివ్వలేదు. 1619 మే 9న విదేశీ ప్రతినిధులు పాల్గొన్న చివరి సమావేశం ముగిసింది. నాలుగు రోజులకు, మే 13న, 71 ఏళ్ల ఓల్డెన్‌బార్నెవెల్ట్‌ను హేగ్‌లో తల నరికి చంపారు. ఆ శిక్ష వేసింది సభ కాదు, రాజద్రోహం పేరిట ఒక ప్రత్యేక న్యాయస్థానం. కానీ ఆ రెండు తేదీలు పక్కపక్కన ఉండడం వల్ల డోర్ట్ పేరు చెబితే చాలామందికి కత్తే గుర్తొస్తుంది. రెండు వందల మంది దాకా కాపరులు పదవులు పోగొట్టుకున్నారు. కొందరు దేశం విడిచిపోయారు.

ఆ కత్తి నీడ పడడం వల్ల, డోర్ట్ సభ నిజంగా ఏం రాసిందో చదివేవాళ్లు తక్కువైపోయారు. అందుకే ఆ పత్రం గురించి ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను.

కాల్వినిజం అనగానే మనవాళ్లు ట్యూలిప్ పువ్వు పేరులోని ఇంగ్లీషు అక్షరాలతో మొదలుపెడతారు. సంపూర్ణ భ్రష్టత్వం, షరతులు లేని ఏర్పాటు, పరిమిత ప్రాయశ్చిత్తం, అడ్డగించలేని కృప, పరిశుద్ధుల నిలకడ. ఈ అక్షరాల గుర్తు 20వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. డోర్ట్ పత్రం వరసే వేరు, ఎందుకంటే అది విన్నపంలోని అంశాలకు వరసగా ఇచ్చిన జవాబు. ఎదుటివాళ్లు అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను మొత్తం సిద్ధాంతంగా పట్టుకోవడం పొరపాటు. కాల్విన్ తన మహాగ్రంథం 1559 నాటి చివరి ప్రతిలో ఏర్పాటును ఎక్కడ పెట్టాడో చూడండి. మూడో భాగంలో, విశ్వాసం, మారుమనస్సు, ప్రార్థన గురించి చెప్పిన తర్వాత. రక్షించబడినవాడు వెనక్కి తిరిగి "ఇది నాకెలా దక్కింది?" అని అడిగినప్పుడు వచ్చే జవాబుగా పెట్టాడు. గుమ్మం దగ్గర నిలబడి ఎవరిని లోపలికి రానివ్వాలో చూసే కాపలావాడిగా పెట్టలేదు.

పౌలు కూడా అంతే. ఎఫెసీయులకు రాసిన పత్రిక మొదట్లో, జగత్తు పునాది వేయబడకమునుపే దేవుడు మనలను క్రీస్తులో ఏర్పరచుకున్నాడన్న మాట స్తుతిలో భాగంగా వస్తుంది. "తండ్రి ఆకర్షించితేనే గాని" ఎవడూ నా యొద్దకు రాలేడని యేసు అన్నది యోహాను 6లో, సణుగుతున్న జనంతో. అదే అధ్యాయంలో, తన దగ్గరకు వచ్చేవాణ్ని ఎంతమాత్రమూ బయటకు తోసివేయనని కూడా అన్నాడు. రోమా 9లో యాకోబు, ఏశావు, కుమ్మరి, మట్టిముద్ద కనబడతాయి. ఆ అధ్యాయం మొదట్లోనే పౌలు తన జనం కోసం ఎంత వేదన పడుతున్నాడో చూడకుండా కుమ్మరి దగ్గరికి పరుగెత్తితే ఆ వాక్యం రాయిలా తగులుతుంది. కాల్విన్ వాదులు ఈ వాక్యభాగాలన్నిటినీ ఎఫెసీ 2తో కలిపి చదువుతారు. మనిషి పాపాల్లో జబ్బుపడి లేడు, చచ్చి ఉన్నాడు. చచ్చినవాడు చెయ్యి చాపలేడు. లాజరును పిలిచినట్టు పిలవాలి.

డోర్ట్ మొదటి అధ్యాయం దీన్ని ఎలా మొదలుపెట్టిందంటే, ముందు అందరూ పాపులే అంటుంది, వెంటనే దేవుడు తన కుమారుణ్ని పంపిన ప్రేమ గురించి చెబుతుంది, ఆ తర్వాత సువార్తికులను పంపడం గురించి. ఏర్పాటు మాట వచ్చేది ఆ తర్వాతే. అవిశ్వాసానికి కారణం దేవుడు కాదు, మనిషే అని అక్కడే రాసింది. ఏర్పాటు విశ్వాసానికి ఊట అయినట్టే తిరస్కారం అవిశ్వాసానికి కారణం అని తమ మీద వేస్తున్న నిందను పత్రం ముగింపు మాటలో పేరుపెట్టి తోసిపుచ్చింది. రెండో అధ్యాయంలో క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకు సమృద్ధిగా చాలినదని ఉంది. "పరిమిత" అన్న మాట మాత్రమే విన్నవాళ్లకు ఈ వాక్యం ఎవరూ చూపించరు. ఆ మరణం ఏర్పరచబడినవారిలో తప్పకుండా ఫలిస్తుందని దాని వాదన. ఆ సువార్తను తేడా లేకుండా అన్ని జనాంగాలకూ ప్రకటించాలని కూడా అక్కడే రాసింది. కృప మనుషులను మొద్దుల్లా, రాళ్లలా లాగదు, చిత్తాన్ని బతికించి, స్వస్థపరచి, తియ్యగా వంచుతుంది అని మూడు నాలుగు అధ్యాయాలు కలిపి చెప్పిన చోట ఉంది.

ఎదుటి పక్షానికి బలమైన వాక్యాలు లేవని కాదు. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు ఇచ్ఛయిస్తున్నాడని 1 తిమోతి 2. క్రీస్తు సర్వలోకానికీ శాంతికరమై ఉన్నాడని 1 యోహాను 2. ఒకసారి వెలిగింపబడినవారు తప్పిపోవడం గురించి హెబ్రీ 6. డోర్ట్ పక్షం వీటిని విడదీసి వివరిస్తుంది. ఆ వివరణలు అందరినీ ఒప్పించవు. హెబ్రీ 6 దగ్గర నాకూ ఆగాలనిపిస్తుంది.

ఇక ఐదో అధ్యాయం, మన గొడవకు అసలు చోటు. "ఒకసారి రక్షణ పొందితే ఎలా బతికినా ఫరవాలేదు" అన్నది డోర్ట్ బోధ అని ప్రచారం. అది అక్కడ లేదు. దావీదు, పేతురు పేర్లు చెప్పి, పరిశుద్ధులు ఘోరంగా పడిపోగలరని రాసింది. అలాంటి పాపాలు దేవుణ్ని బాధపెడతాయి, పరిశుద్ధాత్మను దుఃఖపెడతాయి, మనస్సాక్షిని గాయపరుస్తాయి, కొంతకాలం దేవుని దయ అనుభవంలో లేకుండా చేస్తాయి అంది. ఆ పైన, దేవుడు వాళ్లను పూర్తిగా విడిచిపెట్టడు, తిరిగి మారుమనస్సుకు తెస్తాడు అంది. యోహాను 10లో గొర్రెలను తన చేతిలోనుండి ఎవడూ అపహరింపడన్న మాట మీద ఈ బోధ అంతా నిలిచింది. నిలకడ అంటే విశ్వాసి పట్టు కాదు, కాపరి పట్టు.

మన దగ్గర ఈ వాదన ఎందుకు ఇంత ఇళ్లదాకా వచ్చిందంటే, తెలుగు క్రైస్తవులకు సువార్త తెచ్చినవాళ్లు ఒకే తీరువాళ్లు కారు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు కాల్విన్ సంప్రదాయానికి దగ్గరివాళ్లు. సేరంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన అచ్చువేయించిన విలియం కేరీ కూడా కాల్విన్ బాటలోని బాప్టిస్టే. ఏర్పాటును నమ్మితే సువార్త పని ఆగిపోతుందనేవాళ్లకు ఆయన జీవితం ఎదురుగా ఉంది. మెదక్ ప్రాంతంలో పనిచేసిన మెథడిస్టులు జాన్ వెస్లీ వారసులు, వెస్లీ తానే అర్మీనియన్‌నని చెప్పుకున్నాడు. గోదావరి డెల్టాలో బ్రదరెన్ అసెంబ్లీలు నిత్య భద్రతను, అంటే ఒకసారి పొందిన రక్షణ పోదన్న బోధను, గట్టిగా బోధిస్తాయి. తర్వాత వచ్చిన పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగం జారిపోయే ప్రమాదాన్ని హెచ్చరిస్తాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు, మెథడిస్టులు, ఆంగ్లికన్లు ఒకే సంఘం అయ్యారు. అంటే డోర్ట్ వారసులు, వెస్లీ వారసులు ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి 75 ఏళ్లు దాటింది. వేరే సంఘం నుంచి కోడలు వస్తే, ఇంట్లో కుటుంబ ప్రార్థన దగ్గరే ఈ రెండు బోధలూ కలుసుకుంటాయి.

ఇవాళ వీడియోల్లో ఎక్కువగా వినబడే మాట "నువ్వు ఏర్పరచబడ్డావో లేదో నీకెలా తెలుసు?" అన్నది. రెండు పక్షాలవాళ్లూ దాన్ని ఎదుటివాళ్ల మీదికి విసురుతున్నారు. అది విని టెన్షన్ పడి, రాత్రి నిద్రపట్టక పాస్టర్ గారికి ఫోన్ చేసేవాళ్లున్నారు. డోర్ట్ మొదటి అధ్యాయం 16వ అంశం రాసింది సరిగ్గా వీళ్ల కోసం. తనలో బలమైన విశ్వాసం ఇంకా కనబడనివాడు, అయినా వాక్యం వింటూ, ప్రార్థిస్తూ, దేవుని వైపు తిరగాలని కోరుకునేవాడు తిరస్కారం మాట వినబడినప్పుడు భయపడకూడదు, తిరస్కరింపబడినవాళ్లలో తనను లెక్కవేసుకోకూడదు అంటుంది. వాక్యాన్ని, ప్రార్థనను మానకుండా ఆ కృప కోసం కనిపెట్టుకుని ఉండమంటుంది. అక్కడ అది ఎత్తిచూపేది యెషయా ప్రవక్త చెప్పిన దేవుణ్ని. నలిగిన రెల్లును విరవనివాణ్ని, మకమకలాడుతున్న వత్తిని ఆర్పనివాణ్ని.